పెట్టె మీద తెల్లరంగు నంబరు

కార్గిల్ యుద్ధం దాకా రణరంగంలో పోయిన సిపాయి దేహం ఇంటికి రావడం అరుదు. 1962లోనైనా, 1965, 71లలోనైనా అంత్యక్రియలు చాలామందికి సరిహద్దు దగ్గరే. ఊరికి చేరేవి ఒక టెలిగ్రామ్, ఆ తరవాత ఎప్పటికో ఒక నల్ల ట్రంకుపెట్టె. దాని మీద తెల్లరంగుతో నంబరు, హోదా, పేరు. కళ్లారా చూడలేదు గనక కొడుకు ఎక్కడో ఉండే ఉంటాడని ఏళ్లతరబడి వీధి తలుపు గడియ పెట్టని తల్లులున్నారు. 1999లో 527 మంది పోయారు; ఈసారి పెట్టెతోపాటు మనిషీ వచ్చాడు, జెండా కప్పుకుని.

ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో పాతికవేలకు పైగా పేర్లు గ్రానైటు పలకల మీద చెక్కారు. మంచి పనే, 2019 దాకా ఆగాల్సింది కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలిటరీ' అన్నది ఇంటిపేరులా అతుక్కుపోయింది. అలాంటి ఊళ్లకు గుర్తుచేయడానికి రాయి అక్కర్లేదు.

అక్కర ఉన్నది ఆఫీసులకు. అంతిమయాత్ర రోజు నాయకులు, కెమెరాలు. పదకొండో రోజు దాటాక ఆ ఇల్లాలు ఒక్కతే. యుద్ధంలో పోయినవాడి భార్యకు చివరి జీతమంత పింఛను రావాలని నిబంధన ఉంది. కానీ ఆధార్‌లో ఇంటిపేరు ముందు, సైన్యం రికార్డులో వెనక. ఆ ఒక్క తేడాకి ఎన్ని తిరుగుళ్లు! తహసీల్దారే కాగితాలు పట్టుకుని ఆమె గుమ్మం ఎక్కితే కొంపేం మునగదు.

ఆ పెట్టెలో ఇప్పుడు కందిపప్పు పోసుకునే ఇళ్లున్నాయి. నంబరు మీద మాత్రం రంగు పడనివ్వరు.