హ్యాకర్లను పట్టాల్సింది కంపెనీయే, మనం కాదు



బీజీఎంఐలో హ్యాకర్లు పెరిగితే "ప్లేయర్లు రిపోర్ట్ కొట్టరు, అందుకే" అని మనోళ్లే అంటున్నారు. నేను ఒప్పుకోను.

గోడ వెనక ఎవరున్నారో సర్వర్ మన ఫోన్‌కి పంపితేనే కదా వాల్‌హ్యాక్ దాన్ని చదివేది? కంప్యూటర్ గేమ్ వాలరెంట్ 2020లో వచ్చినప్పుడే, కంటికి కనపడని శత్రువు జాడ వీలైనంతవరకు పంపకుండా సర్వర్‌ని కట్టారు. ఆ పని ప్లేయర్ చేయగలడా? సర్వర్ తాళం కంపెనీ దగ్గర, స్కిన్‌ల డబ్బులూ కంపెనీకే. కాపలా మాత్రం మనదా?

ఇంకో మాట. సిగ్నల్ సరిగా అందని ఏజెన్సీ ఊరి నుంచి ఆడేవాడు లాగ్ వల్ల ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎగిరినట్టు కనిపిస్తాడు. చూసినోళ్లు "హ్యాకర్" అని మూకుమ్మడిగా రిపోర్ట్ కొడతారు. తప్పు చేయకుండానే దొంగ ముద్ర! తెల్లదొరలు చట్టం రాసి మరీ మన ఎరుకలోళ్లని నేరస్తుల తెగ అన్నారు. ఆ ముద్ర బరువు మనకి తెలీదా? మనమే ఇంకొకరికి వేద్దామా?

రిపోర్ట్ అంటే సాక్ష్యం మాత్రమే. రికార్డులు చూసి తీర్పు చెప్పాల్సింది కంపెనీ. బ్యాన్ చేస్తే కారణం చెప్పాలి, అప్పీలు మనిషి వినాలి. అడగాల్సింది అదీ.