నల్ల సిరాలెన్ని?

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు చెరుగుతున్న నలుపు-తెలుపు ఫోటో ఒకటుంది. 1974లో మా బాబాయి తీసింది. నెగటివ్ ఇప్పటికీ పదిలంగా ఉంది. దాన్ని స్కాన్ చేయించి, పిల్లల ప్రాజెక్టుల కోసం కొన్న నాలుగు రంగుల ప్రింటర్ మీద, మంచి గ్లాసీ పేపరు పెట్టి తీశాను. ట్యూబ్‌లైటు కింద చూస్తే నాయనమ్మ తెల్లచీర మడతల్లో ఆకుపచ్చ జీర. వాకిట్లోకి తీసుకెళ్తే అదే చీర గులాబీ ఛాయ. మా ఆవిడ తొంగిచూసి, "ఏమండీ, మీ నాయనమ్మగారు నాచు పట్టిన మెట్ల మీద కూర్చున్నారా?" అంది.

తప్పు స్కానింగుది కాదు. ఆ ప్రింటర్‌లో బూడిద రంగు సిరా లేదు. నీలి, గులాబీ, పసుపు కలిపి దాన్ని పుట్టించాలి. ఆ పాళ్లు ఏ కాస్త తప్పినా రంగు తేలిపోతుంది. పాళ్లు కుదిరినా, ఒక దీపం కింద సరిపోయింది ఇంకో దీపం కింద సరిపోదు. పోనీ నల్ల సిరా ఒక్కటే వాడమందామా? నీడల దగ్గర బాగానే ఉంటుంది గానీ, చెంపల మీద నల్లచుక్కలు దూరం దూరంగా పడి గసగసాలు చల్లినట్టుంటుంది.

బాబాయి స్టూడియోలో ఈ గొడవే లేదు. ఎర్ర బల్బు వెలుగులో, ఊటీలో తయారైన 'ఇందు' బ్రోమైడ్ పేపరు మీద, డెవలపర్ డిష్‌లో నాయనమ్మ మెల్లగా పైకి తేలింది. ఎన్‌లార్జర్ కింద ముఖం మరీ నల్లబడకుండా రెండు చేతులూ అడ్డంపెట్టి ఆడించేవాడు. అక్కడ నలుపూ బూడిదా రెండూ వెండే.

ఇంక్‌జెట్‌లో దానికి దగ్గరగా రావాలంటే బూడిద రంగును సిరాగానే పోయాలి. 2005లో ఎప్సన్ ఆర్2400 నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అని మూడు రకాలతో వచ్చింది. ఇప్పటి పీ700లో పది సిరాలుంటే వాటిలో నాలుగు నలుపు, బూడిద రంగులే. కెనాన్ ప్రో-300లో నలుపులు రెండు, బూడిద ఒకటి. రెండూ పిగ్మెంట్ సిరాలే, తొందరగా వెలిసిపోవు. అంత పెట్టలేనివాళ్లకు ఎప్సన్ ఎల్8180 ఉంది. సీసాలతో నింపుకోవచ్చు, బూడిద సిరా ఉంది. కాకపోతే ఫోటోలకు వాడేది డై సిరా. గోడకు తగిలించే ఫోటోకు అద్దం వేయించాలి, ఎండ తగలనివ్వకూడదు. నా ఓటు పీ700కే. దాని కాట్రిడ్జ్‌లో ఉండేది 25 మిల్లీలీటర్లే. మా ఇంట్లో దగ్గుమందు సీసాలో అంతకు నాలుగింతలుంటుంది! అయినా సరే.

ఏడాదికి నాలుగు ఫోటోలు తీసేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. మన మే నెల ఎండలకు, వాడకుండా వదిలేసిన ప్రింటర్ హెడ్‌లో సిరా గడ్డకడుతుంది. దాన్ని కడగడానికి పోయేదీ సిరాయే. వారానికో ఫోటో తీసే ఓపిక ఉంటేనే కొనాలి. లేకపోతే పిగ్మెంట్ ప్రింటర్ ఉన్న ల్యాబ్ ఎక్కడుందో వెతుక్కోవడం మేలు. మామూలు ల్యాబ్‌కిస్తే కలర్ పేపరు మీదే తీసిస్తారు, మళ్లీ అదే నాచు.

షాపులో అమ్మే కుర్రాడు డీపీఐ ఎంతో, నిమిషానికి ఎన్ని పేజీలో, వైఫై ఉందో లేదో గడగడా చెబుతాడు. "నల్ల సిరాలెన్ని, బూడిద సిరాలెన్ని?" అని అడిగితే డబ్బా తిప్పి చూస్తాడు. పర్వాలేదు, చూడనివ్వండి. మీ ఇంటి పాత ఫోటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, అక్కడే తీయించి, షాపు లైట్ల కింద ఒకసారి, రోడ్డు మీద ఎండలో ఒకసారి చూడండి. తెల్లచీర రెండు చోట్లా తెల్లగానే ఉంటే అప్పుడు బేరమాడండి.