వెనకుండి ఆడించేవారు

వంట బాగుందని చుట్టాలు మెచ్చుకుంటుంటే, వెనకాల పప్పు రుబ్బినవాళ్ళూ కూరలు తరిగినవాళ్ళూ ఎవరికైనా గుర్తొస్తారా చెప్పండి? ఆటల్లోనూ అంతే!

అమెరికాలో కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి ఒక్క కోచ్‌తో సరిపోదు. పెద్ద కోచ్ ఒకరు, సహాయకులు ఇద్దరు ముగ్గురు, గోల్‌కీపర్‌కి నేర్పడానికి ఒకరు, మోకాలు బెణికితే చూడటానికి ఇంకొకరు. మార్గరిట్ అవోజాసా అనే ఆవిడ స్టాన్‌ఫర్డ్ జట్టులో ఏళ్ళ తరబడి సహాయ కోచ్‌గానే పనిచేశారు. ఆవిడ ఉండగా ఆ జట్టు 2017లో, 2019లో జాతీయ ఛాంపియన్ అయింది. పేరు మాత్రం పెద్ద కోచ్‌ది! తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. వాళ్ళు ఆవిడని పెద్ద కోచ్‌గా పిలిచారు. మొదటి ఏడాదే, 2022 ఫైనల్లో, ఆ పిల్లలు నార్త్ కరోలినా కంటే రెండు గోల్స్ వెనకబడ్డారు. ఆట 16 సెకన్లలో ముగుస్తుందనగా సమం చేసి, అదనపు సమయంలో 3-2తో గెలిచారు.

ఇది తెలిశాక నా తప్పు నాకే గుర్తొచ్చింది. మా అమ్మాయి ఖోఖో బాగా ఆడేది. పదో తరగతిలో చదువు పాడవుతుందని నేనే మాన్పించాను. మార్కులు పెరగలేదు సరికదా, సాయంత్రాలు దిగులుగా గుమ్మంలో కూర్చునేది. పెద్ద ఆటగత్తె కాకపోయినా, పదిమందికి నేర్పే మనిషయ్యేదేమో! ఆ సంగతి అప్పుడు తోచలేదు.

మీ అమ్మాయి ఆడతానంటే వెంటనే వద్దనకండి. ఒకరోజు మైదానానికి వెళ్ళి, నేర్పేవారెవరో, పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో, తోడుగా ఆడవాళ్ళెవరైనా ఉన్నారో లేదో చూసి రండి. ఆ తర్వాతే మీ మాట చెప్పండి. ఏమంటారు?