వెఱ్ఱికుక్క కాటు: తప్పింపదగిన మరణము

లక్షణములు పొడసూపిన పిమ్మట ఇంచుమించు తప్పక మరణముతోనే ముగియునదియు, అవి పొడసూపకముందు తగిన చికిత్స జరిగినచో ఇంచుమించు పూర్తిగా నివారింపదగినదియు నగు వ్యాధి యొకటి గలదు. అది వెఱ్ఱికుక్క కాటువలన కలుగు రేబీసు. ఇట్టి వ్యాధివలన ఒక్కడు మరణించినను, అది విధివశమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. ఎక్కడనో ఎవరో చేయవలసిన పని చేయలేదని దాని యర్థము. ఆ పని యేది, అది యెవరిది యను విషయమును నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారని అంచనా. మన దేశపు లెక్కలయందు భేదము గలదు. ఏటేట 18,000 మొదలు 20,000 వఱకు మరణములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచు వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి 2022, 2023 సంవత్సరములలో 15 రాష్ట్రములందలి 60 జిల్లాలలో ఇంటింటికి తిరిగి జరిపించిన పరిశీలనను బట్టి ఆ సంఖ్య సుమారు 5,700 అని తేలినది. తక్కువ లెక్కనే గ్రహింతము. దినమునకు పదునైదుగురు! అదే పరిశీలన ప్రకారము ఏటేట తొంబది లక్షలమందికి పైగా జంతువుల కాటునకు గురియగుచున్నారు. వారిలో ఐదింట నొకరు ఒక్క టీకాయైనను వేయించుకొనుటలేదు. మరణించువారిలో పెక్కుమంది పేదలు. అందును బాలురు అధికము.

ఈ వ్యాధికి కారణము రోగగ్రస్తమైన జంతువుయొక్క లాలాజలముననుండు ఒక వైరసు. మన దేశమున దీనిని మనుష్యులకు చేర్చునది ముఖ్యముగా కుక్కయే యైనను, పిల్లి, నక్క, ముంగిస మొదలగు జంతువులును చేర్పగలవు. కాటుద్వారా లోపలికి పోయిన వైరసు నరముల వెంబడి మెల్లమెల్లగా మెదడువైపు ప్రాకిపోవును. ఈ ప్రయాణమునకు సాధారణముగా రెండు మూడు నెలలు పట్టును. ఒక్కొకప్పుడు వారము దినములే చాలును. ఒక్కొకప్పుడు సంవత్సరము గడచును. గాయము తలకు దగ్గఱయైనకొలది వ్యవధి తగ్గును. పసిబిడ్డలకు ముఖముమీదను మెడమీదను కాట్లు పడుట తఱచు గనుక వారి విషయమున ఆలస్యము మఱింత ప్రమాదకరము. మెదడు చేరిన పిమ్మట నీరు చూచినంతనే గొంతు బిగియును. గాలి సోకినంతనే దేహము ఉలికిపడును. కొలది దినములలో ప్రాణము పోవును. కాటునకును మెదడునకును నడుమనున్న ఆ కాలమే మనకు ప్రకృతి యిచ్చిన గడువు. చికిత్స యంతయు ఆ గడువులోనే జరుగవలెను.

ఈ వ్యాధి మన పూర్వులకు క్రొత్త కాదు. సుశ్రుత సంహితయందలి కల్పస్థానమున దీని వర్ణనము గలదు. జలత్రాసము కలిగిన రోగి బ్రదుకడని ఆనాడే గుర్తించిరి. చికిత్స మాత్రము 1885 జూలై మాసమున పారిసు నగరమున వెలసినది. లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు తన టీకా నిచ్చి కాపాడెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును పాశ్చరు సంస్థలు నెలకొన్నవి. జంతువుల మెదడునుండి తీయబడిన ఆనాటి మందును పొట్టమీద అనేక దినములు వరుసగా పొడిచెడివారు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను మాట పల్లెలలో నేటికిని భయము పుట్టించుచున్నది. ఆ మందు మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. నేటి టీకాను చేతిమీదనే వేయుదురు. చర్మములోనికి వేయు పద్ధతిలో మొదటిదినముననే ప్రారంభించి, అటుపై 3, 7, 28వ దినములందు ముగింతురు. లేనిపోని భయముచే ఆసుపత్రి కెదురుగా నిలిచి వెనుదిరుగువారికి ఈ మాట చెప్పుట చదివినవారి విధి.

కఱచినంతనే చేయవలసిన మొదటిపని యెల్లరి యింటనున్న సబ్బుతోడను నీటితోడను జరుగునదే. గాయమును పాఱు నీటిక్రింద పదునేను నిమిషములు సబ్బుతో కడుగవలెను. ఈ సులభమైన పనియే వైరసును చాలవఱకు నశింపజేయును. కారము, సున్నము, ఆకుపసరు, కాఫీపొడి గాయముపై పూయుట కేవలము హానికరము. పిమ్మట ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రక్తము వచ్చిన గాయమైనను, తెగిన చర్మముపై కుక్క నాకినను, టీకాయొక్కటి చాలదు. టీకా బలము దేహమున కుదురుటకు కొన్ని దినములు పట్టును. ఆ లోపల వైరసును అడ్డగించుటకై గాయముచుట్టు ఇమ్యునోగ్లోబులిను అను మందును ఎక్కింపవలెను. కుక్క పదిదినములు బ్రదుకునేమో చూచి పిమ్మట పోవుదమని వేచియుండుట ప్రాణముతో జూదమాడుటయే. ముందు టీకా ప్రారంభించి పిమ్మట కుక్కను గమనింపవచ్చును. నురుగు కార్చుచు పరుగెత్తునదియే వెఱ్ఱికుక్కయని తలపరాదు. దవడ జాఱి మూలనొదిగి పడియున్న కుక్కకును ఈ వ్యాధి యుండవచ్చును. మంత్రము వేయించుకొని బ్రదికితిమని చెప్పువారు గలరు. వారు బ్రదికినది మంత్రమువలన కాదు.

ఇంతవఱకు చెప్పినది కాటు పడిన పిమ్మటి మాట. కాని పెంకుటింటికి నిప్పంటుకొన్న పిమ్మట నీళ్లు తోడుటకంటె నిప్పు పుట్టకుండ జూచుట మేలు కాదా? మనుష్యులకు కలుగు రేబీసులో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కలవలననే. కావున కుక్కకు వేసిన టీకా మనుష్యునకు వేసిన టీకాయే. ఒక ప్రదేశమందలి కుక్కలలో నూటికి డెబ్బదింటికి ఏటేట టీకాలు వేసినచో వ్యాధి ఒకదానినుండి మఱియొకదానికి ప్రాకలేక ఆరిపోవునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

కొందఱు కుక్కలను చంపివేయుటయే మార్గమందురు. దానిని ఆచరించి చూచినవారి యనుభవము మన కన్నులయెదుట నున్నది. 2008లో ఇండొనేషియాలోని బాలి ద్వీపమునకు ఈ వ్యాధి సోకగా అచ్చటివారు వేలకొలది కుక్కలను చంపించిరి. వ్యాధి ఆగలేదు సరికదా, ద్వీపమంతట వ్యాపించెను. 2010 తుదిని ద్వీపమంతట టీకాలు ప్రారంభించిన పిమ్మటనే మరణములు తగ్గెను. కారణము స్పష్టము. చంపబడిన కుక్క స్థానమున టీకా లేని క్రొత్తకుక్క వచ్చి చేరును. మన గోవా రాష్ట్రమున ఇంటింటికిని వీధివీధికిని తిరిగి ఏటేట లక్షకు చేరువగా కుక్కలకు టీకాలు వేయగా, 2018, 2019 సంవత్సరములలో ఒక్క మనుష్యుడైనను రేబీసుచే మరణింపలేదు. కుక్కలవలని రేబీసు మరణములను నిర్మూలించిన మొదటి దేశముగా మెక్సికోను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గుర్తించినది. ఇవి మనకు అసాధ్యములా?

2025 ఆగస్టు మాసమున వీధికుక్కల వివాదము సుప్రీంకోర్టున దేశమెల్ల వినునట్లు చర్చింపబడెను. ఢిల్లీ ప్రాంతపు కుక్కలనెల్ల పట్టి బంధింపవలెనని మొదట ఉత్తర్వు. రెండువారములలోపుననే, వెఱ్ఱికుక్కలను, మిక్కిలి కఱచు కుక్కలను తప్ప తక్కినవానిని గొడ్డుగొలిపి టీకా వేసి పట్టినచోటనే విడువవలెనని సవరణ. జంతుప్రియులొక వైపు, బిడ్డలను కోల్పోయిన తలిదండ్రు లొకవైపు నిలిచి వాదించుకొనిరి. ఉభయుల బాధయు న్యాయమైనదే. అయితే ఈ కలహమున నిజమైన అపరాధి తప్పించుకొనుచున్నాడు. కుక్కలకు టీకాలు వేయించుటకును, వీధులలో చెత్తయు మాంసవ్యర్థములును పేరుకొనకుండ జూచుటకును బాధ్యత వహించినది స్థానిక ప్రభుత్వము. ఆ పని యేటేట సక్రమముగా జరిగియుండినచో ఈ వాదమునకే తావులేకుండెడిది.

హైదరాబాదు కేంద్రముగా గల ఇండియన్ ఇమ్యునలాజికల్సు సంస్థ మనుష్యులకును జంతువులకును కావలసిన రేబీసు టీకాలను తయారుచేయుచున్నది. మందు మన యింట పుట్టుచుండగా మన బిడ్డలు ఆ మందు అందక మరణించుట దీపము క్రింది చీకటి వంటిది కాదా? 2030 నాటికి కుక్కలవలని రేబీసు మరణములను నిర్మూలింతుమని 2021 సెప్టెంబరు 28న కేంద్రప్రభుత్వము జాతీయ ప్రణాళికను ప్రకటించెను. ప్రణాళిక కాగితముమీద నున్నంతకాలము కుక్కకు తెలియదు, వైరసునకు తెలియదు.

కావున మేము కోరునది మూడు పనులు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను టీకాయు, ఇమ్యునోగ్లోబులిను లభించు పెద్ద యాసుపత్రి వివరమును సిద్ధముగా నుండవలెను. ప్రతి పురపాలక సంఘమును, ప్రతి పంచాయతియు తన యెల్లలోని కుక్కలెన్ని, వానిలో టీకా వేసినవెన్ని యను లెక్కను ఏటేట ప్రకటింపవలెను. కుక్కను పెంచువారందఱు దానికి ఏటేట టీకా వేయింపవలెను. ఈ మూడును జరుగునట్లు అడుగువారు లేనిచో ఇవి జరుగవు. పఠనాలయమున ఈ పత్రికను చదువుచున్న పెద్దలారా, మీ పురపాలక సంఘ సభ్యుని తదుపరి సమావేశమునకు ముందే కలిసికొని, మన యూరి కుక్కలకు టీకాలు వేయించిన లెక్క యేదియని ప్రశ్నింపుడు. చదువురాని పొరుగువానికి సబ్బునీటి మాటయు, ఆసుపత్రి మాటయు చెప్పుడు. ఒక్క బిడ్డ ప్రాణము నిలిచినను ఆ శ్రమ సార్థకమే.