పైపూత స్టెరాయిడ్ క్రీములు ఇచ్చేటప్పుడు ఫార్మసిస్టు చెప్పవలసిన జాగ్రత్తలపై తీర్మానం

మందుల షాపుల యజమానులు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టుల సంఘం సర్వసభ్య సమావేశంలో చర్చించి ఆమోదించినది.

పైపూతగా వాడే పలు స్టెరాయిడ్లను కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలోకి, తెచ్చింది. అయినా, నొక్కి నొక్కి చదునైన ఖాళీ ట్యూబు కౌంటరు మీద పెట్టి "ఇదే ఇవ్వండి" అనేవారు మన షాపులకు వస్తూనే ఉన్నారనీ, అందులో స్టెరాయిడ్ ఉందన్న సంగతే వారిలో చాలామందికి తెలియదనీ ఈ సమావేశం గుర్తిస్తున్నది. తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద, ఎరుపు త్వరగానే తగ్గుతాయి. ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది. మచ్చ రూపు మారి డాక్టరు కూడా వెంటనే పోల్చుకోలేని స్థితి వస్తుంది. మంగు మచ్చలకు కొన్నాళ్లకని రాసిన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ మిశ్రమాన్ని తెల్లబడతామని నెలల తరబడి పూసుకున్నవారికి ముఖంపై చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు తేలుతాయి. మానితే మంట, అందుకని మళ్లీ అదే ట్యూబు.

కావున, చీటీ లేనిదే ఈ క్రీములు ఇవ్వరాదనీ, మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు రాయని పాత చీటీపై, అది ఫోనులో ఫొటోగా ఉన్నా సరే, రెండోసారి ఇవ్వరాదనీ తీర్మానించడమైనది. "మేం ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారు" అన్న వాదన చర్చలో గట్టిగానే వచ్చింది. పక్క షాపు యజమాని కూడా ఈ సభలోనే కూర్చుని ఉన్నందున దాన్ని అంగీకరించలేదు.

చీటీతో వచ్చినవారికి ట్యూబు చేతికిచ్చే ముందే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా మాట్లాడాలి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఈ బాధ్యతను అతనిపైనే పెట్టాయి, కౌంటరు కుర్రవాడిపై కాదు. "పలచగా రాయండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పెద్దవారి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు అది చాలు. దీన్ని వేలిపై చూపించి చెప్పాలి. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ముఖానికి, కనురెప్పలకు, గజ్జలకు వద్దనీ, పసిపిల్లలకు డైపరు కింద రాస్తే మందు ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుందనీ తెలపాలి. క్లోబెటసాల్ వంటి తీవ్రమైన రకాన్ని మామూలుగా రెండు వారాలకు మించి వాడకూడదు.

భయపెట్టడం మాత్రం మన పని కాదు. ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నవారు స్టెరాయిడ్ పేరు వినగానే జడిసి మధ్యలో మానేస్తే జబ్బు ముదురుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే ఇది మేలు చేసే మందేనని వారికి తప్పక చెప్పాలి.

సాయంత్రం రద్దీలో ఇంత చెప్పే తీరిక ఉండదని కొందరు సభ్యులన్నారు. అందువల్ల ఎక్కడ, రోజుకు ఎన్నిసార్లు, ఏ తేదీ వరకు అన్న మూడు వివరాలను డాక్టరు చీటీ ప్రకారం అట్టపెట్టెపై తెలుగులో పెన్నుతో రాసివ్వడం తప్పనిసరి అని సవరణ చేసి, తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ప్రతిని ఔషధ తనిఖీ అధికారి కార్యాలయానికి పంపాలనీ, ప్రతి షాపులో కొనుగోలుదారులకు కనబడేచోట అతికించాలనీ కార్యదర్శిని ఆదేశించడమైనది.