నీటి నడుమ దాహం

చుట్టూ నీరున్నా గుక్కెడు తాగే వీలులేని దుస్థితి నడిసముద్రంలో చిక్కుకొన్న నావికులకే కాదు, ఒక్కొక్కప్పుడు వరిపైరుకు కూడా సంభవిస్తుంది. 2009 మే నెలలో ఐలా తుపాను బెంగాల్‌లోని సుందరవనాలను ముంచెత్తినప్పుడు కట్టలు తెగి ఉప్పునీరు పొలాల మీద పడింది. నీరు తీసిపోయింది; ఉప్పు నిలిచిపోయింది. అటువంటి నేలలో తడి ఉన్నా అది మొక్కకు సులభంగా అందదు.

ఇందుకు కారణం ద్రవాభిసరణం. కణపు పొర గుండా నీరు పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు పోతుంది. సామాన్యంగా వేరులోని కణరసం మట్టిలోని నీటికంటె చిక్కగా ఉంటుంది గనుక నీరు లోపలికి వస్తుంది. మట్టిలో ఉప్పు పెరిగితే ఈ వ్యత్యాసం తగ్గిపోతుంది. అనావృష్టిలో జరిగేదీ ఇంచుమించు ఇటువంటిదే. మిగిలిన కొద్ది తేమను మట్టి వదలదు.

మొక్క పారిపోజాలదు గనుక రసాయనాలను ఆశ్రయిస్తుంది. ఆబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలను మూయిస్తుంది. కణాలు తమ రసాన్ని చిక్కబరచుకొంటాయి. అందుకు చక్కెరలు, ప్రోలీన్ అనే ఎమైనో ఆమ్లం, గ్లైసీన్ బీటైన్ అనే పదార్థం తోడ్పడతాయి. వాడిన రైగడ్డిలో ప్రోలీన్ పేరుకోవటాన్ని శాస్త్రజ్ఞులు 1954లోనే గుర్తించారు. గోధుమ, బార్లీ బీటైన్‌ను తయారుచేసుకోగలవు. వరికి ఆ విద్య దాదాపు లేదు.

అయితే ఈ రక్షణకు మూల్యం చెల్లించవలసిందే. రంధ్రాలు మూసుకొంటే నీరు బయటికి పోదు. బొగ్గుపులుసు వాయువూ లోపలికి రాదు. ఆహారం తయారీ కుంటుపడుతుంది. గింజకు చేరవలసిన చక్కెర, నత్రజని కొంత ఆత్మరక్షణకే ఖర్చవుతాయి. ప్రాణం దక్కుతుంది, పంట తగ్గుతుంది.

పైగా ఉప్పులోని సోడియం ఆకులకు విషప్రాయం. సుందరవనాల ప్రాంతపు పాత వరి వంగడం నోనా బొక్రాకు దీనికి విరుగుడు తెలుసు. ‘నోనా’ అంటే వంగభాషలో ఉప్పని అర్థం. వేరు నుంచి ఆకులకు ఎక్కే రసంలోని సోడియంను దారిలోనే వెనక్కు లాగే ప్రోటీను ఇందులో చురుకుగా పనిచేస్తుంది. దానికి మూలమైన జన్యువును చైనా శాస్త్రజ్ఞులు 2005లో వెల్లడించారు.

అధిక దిగుబడి వంగడాల రాకతో ఇటువంటి విత్తనాలు చాలా పొలాల నుంచి తొలగిపోయాయి. ఐలా తరువాత రైతులు మళ్లీ వాటికోసమే వెదకవలసివచ్చింది. విత్తనం దాచినంత మాత్రాన నిలవదు. మంచి ఏట తక్కువ పండే వంగడాన్ని కూడా ఏటేటా కొంత నేలలో పండించుకొంటేనే, చెడ్డ ఏట చేతికి విత్తనం ఉంటుంది.