ఊపిరి – నిబ్బరం

టెన్నిసు ఆటలో బంతి కదలాడే కాలం స్వల్పం. పాయింటుకూ పాయింటుకూ నడుమ గడిచే కాలమే అధికం. నేటి నియమావళి ఆ విరామానికి 25 సెకన్లు కేటాయించింది. ప్రేక్షకులు అప్పుడు చూపు మరల్చుకొంటారు. ఆటగాని మనసుకు అసలు పరీక్ష అప్పుడే జరుగుతుందని నా విశ్వాసం.

1993వ సంవత్సరపు వింబుల్డన్ మహిళల తుదిపోరులో యానా నొవోత్నా స్టెఫీ గ్రాఫ్‌ను ఎదుర్కొన్నది. చివరిదైన మూడవ సెట్టులో నొవోత్నా 4-1 ఆధిక్యంలో ఉన్నది. సర్వీసు ఆమెదే, 40-30. మరొక్క పాయింటు దక్కితే 5-1. ఆ క్షణాన ఆమె కొట్టిన రెండు సర్వీసులూ తప్పిపోయాయి. ఆపై ఒక్క గేమైనా ఆమెకు దక్కలేదు. బహుమతి ప్రదాన సమయంలో ఆమె కెంట్ డచెస్ భుజంపై తలవాల్చి విలపించింది.

ఆమెను పిరికిదన్నవారున్నారు. అది అన్యాయం. భయం ఆవరించినప్పుడు ఎవరికైనా గుండె వేగం హెచ్చుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, భుజాలు బిగుసుకొంటాయి. కొరడావలె కదలవలసిన చేయి కర్రవలె మారుతుంది. ఇది దేహధర్మమే గాని స్వభావదోషం కాదు. గుండెను నెమ్మదించమని ఆజ్ఞాపించలేము. ఊపిరి మాత్రం మన మాట వింటుంది. పీల్చినదానికంటె ఎక్కువ సేపు నిదానంగా గాలిని విడిచిపెడితే గుండె వేగం కొంత తగ్గుతుంది. ప్రాణాయామం ఎరిగిన మనకు ఇది వింత కాదు. అయితే ఏకాంతంలో కన్నులు మూసుకొని చేయటం వేరు, వేలమంది చూస్తుండగా ఓటమి అంచున నిలిచి చేయటం వేరు. నిత్యసాధనలో అలవడనిది ఆ వేళ తోచదు. "కంగారుపడకు" అని గట్టున నిలిచి కేకలు వేసే శిక్షకులు ఈ సంగతి గ్రహించాలి. ఆ కేకతో కంగారు రెట్టింపవుతుంది.

నిబ్బరం పుట్టుకతో వచ్చేదనటాన్ని నేను అంగీకరించను. 1980 వింబుల్డన్ తుదిపోరులో బియాన్ బోర్గ్ నాల్గవ సెట్టులోనే ఏడు మ్యాచ్ పాయింట్లు చేజార్చుకొన్నాడు. టైబ్రేకరును 18-16తో మెకన్రోకు కోల్పోయాడు. అయినా చలించక అయిదవ సెట్టును 8-6తో గెలిచాడు. మంచుగడ్డ అని పేరొందిన ఆ బోర్గే బాల్యంలో కోపం పట్టలేక రాకెట్టు విసిరినవాడు!

ఊపిరి ఒక్కటే విజయం తెచ్చిపెట్టదు, నిజమే. ఆనాడు గ్రాఫ్ కూడా గొప్పగా ఆడింది. నొవోత్నా 1997లో మరల తుదిపోరు చేరి, మరల ఓడింది. 1998లో, 29 ఏళ్ల వయసులో, అదే మైదానంలో నతాలీ తోజియాను ఓడించి, అదే డచెస్ చేతుల మీదుగా ఆ పళ్లెరాన్ని అందుకొన్నది.